తిప్పేస్వామి బొటనవేలు

వన్నూరమ్మ రోజూ పొద్దున ప్రయోగశాలకు రాగానే చేసే మొదటి పని, తన కుడిచేతి వేళ్లు యంత్రానికి చూపించి తనను మరిచిపొమ్మని చెప్పడం.

యంత్రం పేరు ఆనవాలు. కాగితం మీద ఎవరి వేలు పడినా, అది నూరేళ్ల కిందటిదైనా సరే, పసిగట్టేస్తుంది. వేలు నాలిక మీద తడి చేసుకుని పుట తిప్పినవాడి ఉమ్మి, ఎండలోంచి వచ్చి పుస్తకం పట్టుకున్నవాడి చెమట, చర్మం మీంచి రాలిన పొట్టు, ఇవన్నీ కాగితపు పీచుల్లో ఇంకి ఉండిపోతాయి. యంత్రం నడిపే మనిషి వేలు కూడా ఎప్పుడో ఒకప్పుడు తగలక తప్పదు కాబట్టి, ఆ మనిషిని ముందే గుర్తు పెట్టుకుని పక్కన పెట్టేసేలా దాన్ని తయారుచేశారు. అప్పుడు తెర మీద ‘నడిపేవారు: వదిలేయడమైనది’ అని పడుతుంది. ఆ మాట చూసినప్పుడల్లా వన్నూరమ్మకు నవ్వొచ్చేది. ఆమెకు యాభై నాలుగేళ్లు. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. అనంతపురంలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆదివారమంతా ఎవరితోనూ మాట్లాడదు, సోమవారం పొద్దున నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వస్తుంది. తనను వదిలేయడానికి ఇంత పెద్ద యంత్రం ఎందుకో అనుకునేది.

ఆనవాలును కనిపెట్టినది డాక్టర్ పినాకపాణి. కాకినాడ మనిషి. మంచివాడే, కాకపోతే యంత్రం గురించి మొదలుపెడితే ఎదుటివాళ్లకు కూడా ఆకలి వేస్తుందన్న సంగతి మరిచిపోతాడు. యంత్రానికి రెండు చూపులున్నాయి. తేలిక చూపు అంటే నీలి వెలుతురు. పుటకు ఏ హానీ చేయదు. ఏ వేలు ఎవరిది, ఎంత కొలత, దానికి ఏం అంటుకుని ఉంది, ఎన్నేళ్ల కిందటిది, ఏది ముందు పడింది, ఏది దాని మీద పడింది అన్నంత వరకే చెబుతుంది. రెండోది లోచూపు. అది మరకను వేడితో పొగ చేసి, ఆ పొగ వాసన చూస్తుంది. ఆ పుట పట్టుకున్ననాడు ఆ మనిషి ఆకలితో ఉన్నాడా, జ్వరంతో ఉన్నాడా, భయపడ్డాడా, తాగి ఉన్నాడా, అన్నీ చెప్పేస్తుంది. కాకపోతే ఆ మరక ఇక ఉండదు. చదవడం అంటే తుడిచెయ్యడమే.

"విషయం మిగులుతుంది కదండీ, మరకదేముంది?" అనేవాడు పినాకపాణి.

తాజా తడి తగిలిందా, ఆ చోట లోచూపు పనికిరాదు. పాత పొగా కొత్త పొగా కలిసిపోతాయి. ఒకసారి ప్రయోగశాల చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ముచ్చటపడి ఒక పాత పుటను నిమిరాడు. పినాకపాణి ఆ రోజు అన్నం మానేశాడు.

అలాంటి చోటికి సుంకన్న ఆ పుస్తకాన్ని తువ్వాలలో చుట్టుకుని తెచ్చాడు. ఎనభై ఏళ్ల ముసలాయన, రాయదుర్గం వైపు మనిషి, ఒకప్పుడు బావులు తవ్వించినవాడు. పుస్తకం పేరు ‘కూపజల బోధిని’. నూట నలభై ఏళ్ల కిందట బళ్లారిలో అచ్చయింది. భూమిలో నీళ్లెక్కడున్నాయో పుట్టలను బట్టి, చెట్ల వాలును బట్టి, రాళ్ల రంగును బట్టి ఎలా కనిపెట్టాలో చెప్పే పుస్తకం. అంచుల్లో ఖాళీ జాగా అన్నది లేదు. దాన్ని వాడినవాళ్లు ఎక్కడెక్కడ తవ్వమని గురి పెట్టారో, ఎన్ని మట్ల లోతున నీళ్లు పడ్డాయో సిరాతోనూ పెన్సిలుతోనూ గీసి రాసుకున్నారు. మొదటి అట్ట లోపల ఐదు వరుసలు. వీరభద్రాచారి చేతి నుండి ఖాదర్ సాహెబు చేతికి, ఖాదర్ సాహెబు చేతి నుండి కంబయ్య చేతికి, అలా. ప్రతి వరుస ముందూ ఒక ఊరి పేరు.

"గురుశిష్య పరంపర! ఇంత స్పష్టంగా ఎక్కడా దొరకదండీ," అని పినాకపాణి పొంగిపోయి, పుస్తకం వివరాల చీటీ మీద అదే రాయించి, కింద ఆ ఐదు వరుసలూ ఎక్కించమన్నాడు.

చివరి వరుస చూసి వన్నూరమ్మ చేతిలోని చీటీ కింద పెట్టేసింది. ‘తుమ్మలబయలు. తిప్పేస్వామి చేతి నుండి సుంకన్న చేతికి.’ పక్కకు వాలిపోయే ఆ అక్షరాలు ఆమె తండ్రివి.

"నీది యా ఊరు మా?" అన్నాడు సుంకన్న, ఆమెనే చూస్తూ.

"కర్నూలు," అని అబద్ధం చెప్పింది వన్నూరమ్మ.

తుమ్మలబయల్లో ఆమెకు ఆరేళ్లప్పుడు తిప్పేస్వామి గురి పెట్టిన బావి ఎండు బావి అయింది. ఎనిమిది మట్లు, అంటే ఎనిమిది నిలువుల లోతు దిగారు, రాయి తప్ప చెమ్మ లేదు. రాయి పేల్చారు. గోడ విరిగి ఒక మనిషి మీద పడింది. తిప్పేస్వామి తాగి గురి పెట్టాడని ఊరంతా అనుకుంది. ఆ తర్వాత ఆయన మళ్లీ నీళ్లు చూడలేదు. సంసారాన్ని రాయదుర్గానికి మార్చి, చెనిక్కాయల మిల్లులో మూటలు మోశాడు. వన్నూరమ్మ బళ్లో తాగుబోతు తిప్పేస్వామి కూతురు. ఆయన తాగగా మాత్రం ఆమె ఎప్పుడూ చూడలేదు. అమ్మను అడిగితే "ఊరంతా అంటే ఉండదా" అని పొయ్యి వైపు తిరిగేది. అన్నిటికన్నా ఆమెను కోసింది వేరే ఉంది. అంతకుముందు ఆయన రెండు పిడికిళ్లూ ముందు పెట్టి, ఒకదాంట్లో బెల్లం ముక్క దాచి, "ఈడనా మా? ఆడనా?" అని అడిగేవాడు. ఆ బావి తర్వాత ఆ ఆట ఆగిపోయింది. పక్కన కూర్చోవడం కూడా మానేశాడు. తనమీద ప్రేమ పోయిందనుకుంది. ఆమె పంతొమ్మిదో ఏట ఆయన కూడా పోయాడు. ఒక్క ఫోటో లేదు.

ఇప్పుడు ఆ పుస్తకంలో నలభై ఒకటో పుట అంచున తుమ్మలబయలు చేను బొమ్మ ఉంది. చేనులో రెండు సున్నాలు. ఎడమ సున్నా మీద పసుపుపచ్చటి బొటనవేలి మరక. కింద తండ్రి అక్షరాలే: ‘తాగి గురి పెట్టినాను. తప్పు నాది.’

ఆమె గ్లవ్స్ తొడిగిన వేలిని ఆ మరక దగ్గర దాకా తీసుకెళ్లి ఆపేసింది. తాకాలని ఎంత అనిపించిందో చెప్పలేం. తాకలేదు. ఇరవై రెండేళ్ల ఉద్యోగపు అలవాటు అది.

పినాకపాణికి ఆ మాటలు కనపడ్డాయి. పండగే అయింది. "శుక్రవారం యంత్రం చూడ్డానికి ఢిల్లీ వాళ్లొస్తున్నారండీ. ఇదే చేద్దాం! తాగానని మనిషి రాసుకున్నాడు. తాగాడో లేదో వాడి బొటనవేలే చెబుతుంది. ఇంతకన్నా ఏం కావాలి?"

"ఆ మరక పోతుంది సార్."

"పోతే పోనివ్వండీ. ఎవరికి కావాలి అది?"

తండ్రి ఒంటికి సంబంధించినది ఈ భూమ్మీద మిగిలింది ఆ అంగుళం మరకే. అది కాలితే ఆయన తాగాడో లేదో తెలుస్తుంది. నలభై ఎనిమిదేళ్లుగా ఆమెకు తెలుసుకోవాలని ఉన్నది కూడా అదే.

బుధవారం పొద్దున ముందుగా తేలిక చూపు వేశారు. నీలి వెలుతురు పుట మీద పాకింది. తెర మీద రెండు వరుసలు వచ్చాయి. ‘పురుషుడు. నలభై ఎనిమిదేళ్లు.’ ఏళ్లంటే మరక వయసు. దాని కింద, ‘నడిపేవారు: వదిలేయడమైనది.’

పినాకపాణి మొహం మాడిపోయింది. "ముట్టుకున్నారా మీరు? మీరు కూడానా వన్నూరమ్మగారూ?"

"లేదు సార్."

"మరి ఇదేంటండీ?"

మొదటి రోజు నిజంగా తాకేశానేమో, తాకలేదని తనకు తానే చెప్పుకుంటున్నానేమో అనిపించింది. ఒంటరిగా ఉండేవాళ్లకు అదొక బాధ, జరిగింది ఏదో అనుకున్నది ఏదో చెప్పడానికి పక్కన ఇంకో మనిషి ఉండడు. పినాకపాణి విసుక్కుంటూ ఫోను మాట్లాడడానికి బయటికి వెళ్లాడు. ఆమె కుర్చీలో ముందుకు జరిగి, తనను వదిలేసే ఏర్పాటును మొదటిసారిగా తీసేసింది. మళ్లీ వెలుతురు వేసింది.

‘నడిపేవారు. నలభై ఎనిమిదేళ్లు. చూపుడువేలు. బెల్లపు జిడ్డు. పురుషుని వేలికి అడుగున ఉన్నది.’

మరక కొలత కూడా ఇచ్చింది యంత్రం. చిక్కుడు గింజంత.

వన్నూరమ్మ ఆ వరుస చాలాసేపు చూసింది. తర్వాత ఏర్పాటును మళ్లీ ఉన్నచోట పెట్టేసి, ఒంట్లో బాగా లేదని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది. ఇంట్లో డబ్బాలో బెల్లం ఉంది. చిన్న ముక్క నోట్లో వేసుకుని, వంటగది గచ్చు మీద కూర్చుంది. గుర్తొచ్చింది తక్కువే. ఒక ఒడి, గుచ్చుకునే గడ్డం, తెరిచి పెట్టిన ఏదో పుస్తకం, "ఈడనా మా? ఆడనా?" అన్న మాట. ఆ మాట పిడికిళ్ల ఆటలోదేనని ఇన్నాళ్లూ అనుకుంది. పిడికిళ్లు కాదు ఆ రోజు. సున్నాలు.

మర్నాడు పొద్దున బస్సెక్కి తుమ్మలబయలు వెళ్లింది. సుంకన్న ఇంటి ముందు వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు. కోడలు పనికి పోయినట్టుంది, ఇంట్లో అలికిడి లేదు. ఆమెను చూసి ఆశ్చర్యపోలేదు.

"వచ్చినావా? కర్నూలు బస్సు ఇంత పొద్దున్నే ఈ పక్క రాదే!" అన్నాడు.

"నేను తిప్పేస్వామి కూతుర్ని."

"నాకు తెల్దా మా? పుస్తకం చేతికిస్తే బిడ్డను ఎత్తుకున్నట్ల ఎత్తుకుంటివి. మీ నాయన గూడా అట్లే ఎత్తుకుంటాండె. కూచ్చో."

ఆమె మంచం కోడు పక్కన కింద కూర్చుంది. ఏం అడగాలో బస్సులో నేర్చుకున్నదంతా పోయింది. "అది గురుశిష్య పరంపర అని రాసినారు మా సార్," అంది ఊరికే.

సుంకన్న పళ్లు లేని నోరు తెరిచి నవ్వాడు. "గురువు లేడు, గాడిద గుడ్డూ లేదు. గురి తప్పినోడు, అదే చేన్లో నీళ్లు చూపించినోని చేతికి ఆ పుస్తకం ఇచ్చెయ్యల్ల. అదీ కట్టడి. అట్టలోపల ఉండేటివన్నీ ఎండు బాయిల పేర్లు మా. ఐదు మంది గురి తప్పినోళ్లు. నేను ఇంగ ఎవురికిచ్చేది? ఇప్పుడు బోరు మిషన్లొచ్చె. అవి తప్పినా సిగ్గుపడేవోడు ల్యాడు. దానికే మీ ఆఫీసులో ఇచ్చి వస్తి."

"మా నాయన తాగినాడా ఆ పొద్దు?"

ముసలాయన చెట్టు మీంచి రాలిన పుల్ల ఒకటి తీసి విరిచాడు.

"మీ నాయన తాగేది నేను సూడలేదు, ఎవురూ సూడలేదు. ఆ చేన్లో రెండు చోట్లు సమంగా కనపడె. రెండూ సమానంగా ఉంటే ఏడేండ్లు నిండని బిడ్డ చేత ఏలు పెట్టించేది వాడిక. పాతకాలం నుంచీ ఉండాది. నిన్ను ఎత్తుకోనొచ్చె. ఈ చెట్టు కిందనే. బొమ్మ సూపించి ఈడనా ఆడనా అనె. నువ్వు బెల్లం నాకతా ఉంటివి. ఎడమ పక్క ఏలు పెడితివి. నీ ఏలు తీసి, అదే చోట ఆయప్ప బొటనేలు పెట్టి, సరే ఈడనే అనె. నేనూ, మా తమ్ముడు ఈరన్న, మీ నాయన, ముగ్గురమే ఉంటిమి."

"ఈరన్న అంటే..."

"గోడ పడింది వాని మిందనే."

వన్నూరమ్మ కళ్లు దించేసింది. ఆమె ఏడుస్తుందేమోనని సుంకన్న కాసేపు ఆగాడు. ఆమె ఏడవలేదు.

"వాన్ని తీసిన పొద్దు సాయంత్రం మీ నాయన నా కాళ్లు పట్టుకునె. నా బిడ్డ ఏలు పెట్టిందని నోట్లోంచి రానియ్యొద్దు సుంకా, జనాలు దాన్ని బతకనియ్యరు, పెద్దయినాంక తెలిస్తే అదే బతకదు అనె. ఊర్లో నలుగురు అడిగితే తాగినా అని ఆయప్పే సెప్పుకునె. పుస్తకంలో గూడా రాసిపెట్టె. తాగినోడు అన్నాంక ఇంగ ఎవురూ ఏమీ అడగరు గదా."

"మీరు ఎవరికీ చెప్పలేదు."

"లేదు. వాని కర్మాలయినాంక కుడి పక్క చూపిస్తి, మూడు మట్లకే నీళ్లు పడె. పుస్తకం నా చేతికొచ్చె. ఆ నీళ్లు నేను ఒగ పొద్దు గూడా తాగలేదు. నీ మింద నాకు కోపం లేదు మా. ఆరేండ్ల బిడ్డ. గోడకు కట్టు కట్టకుండా వాన్ని బాయిలోకి దింపింది నేనే. కానీ తమ్ముడు ల్యాడు గదా. అది అట్లే ఉంటాది."

ఆమె లేచేటప్పుడు సుంకన్న కుడి పక్క బావి చూపిస్తానన్నాడు. వద్దంది. ఎడమ పక్కది ఎక్కడో చూపించమంది. పూడ్చేసిన చోట కంది చేను ఉంది. అక్కడ చెప్పులు విడిచి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా నిలబడింది. ఈరన్న అన్న పేరు రెండుసార్లు పైకి అంది. ఇంకేం చేయాలో తెలియక తిరిగొచ్చింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక తండ్రి మీద కోపం వచ్చింది, అంతవరకు ఎప్పుడూ రానంత కోపం. పక్కన కూర్చోవడం మానేశావే, ఒక్క బెల్లం ముక్క కూడా పెట్టలేదే, అని లోపలే పోట్లాడింది. ఆయనకు తన వేలు చూస్తే ఆ బావి కనపడేదేమో. తనను చూస్తూ ఆ మాట దాచుకోలేనని దూరం జరిగాడేమో. ఇన్నేళ్లూ ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే విషయానికి, విడివిడిగా ఒంటరిగా ఉన్నారన్నమాట. అది తెలిసినందుకు ఆమెకు అప్పుడు ఏడుపొచ్చింది. పక్క సీటావిడ ఏమైందమ్మా అంటే, కంట్లో దుమ్ము అంది.

శుక్రవారం పదకొండు గంటలకు ఢిల్లీ వాళ్లు నలుగురు వచ్చారు. పినాకపాణి కొత్త చొక్కా వేసుకున్నాడు. వాళ్లు కాఫీ తాగుతుండగా వన్నూరమ్మ పుస్తకం చీటీ తీసింది. ‘గురుశిష్య పరంపర’ కొట్టేసింది. కింద ఐదో వరుసలో తిప్పేస్వామి పేరు కూడా కొట్టేసి, నిదానంగా రాసింది: ‘తుమ్మలబయలు. వన్నూరమ్మ చేతి నుండి సుంకన్న చేతికి.’

తర్వాత నలభై ఒకటో పుట తెరిచి యంత్రం కింద పెట్టింది. పినాకపాణి అతిథులకు చెబుతున్నాడు. తాగానని రాసుకున్న మనిషి నిజంగా తాగాడా అన్నది రెండు నిమిషాల్లో తేలిపోతుందని. వన్నూరమ్మకు ఆ జవాబు ఇప్పటికే తెలుసు. లోచూపు వేస్తే తండ్రి తాగలేదని ఈ నలుగురికీ తెలుస్తుంది, ఆయన పేరుకున్న మచ్చ కడిగినట్టు అవుతుంది, ఆయన మాత్రం పొగైపోతాడు. చిక్కుడు గింజంత వేలు కూడా పోతుంది. ఆ రోజు బొటనవేలు పెట్టినప్పుడు ఆయన భయపడ్డాడా, నవ్వాడా, తనను చూసి మురిశాడా, అదీ తెలుస్తుంది. దాన్ని తెలుసుకోవాలన్న ఆశ ఆమెకు ఇంకా ఉంది.

"కానివ్వండి వన్నూరమ్మగారూ, లోచూపు," అన్నాడు పినాకపాణి.

వన్నూరమ్మ కుడిచేతి గ్లవ్ విప్పింది. బొటనవేలు నాలిక మీద తడి చేసుకుని, ఎడమ సున్నా మీద పెట్టి గట్టిగా అదిమింది.

"అయ్యయ్యో! ఏంటండీ ఇది! ఏం చేశారండీ!" పినాకపాణి పరుగెత్తుకొచ్చాడు. ఢిల్లీ వాళ్లలో ఒకాయన కాఫీ కప్పు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"లోచూపు ఇక పనికిరాదు సార్. తేలిక చూపు వేస్తాను," అని ఆమె, తనను వదిలేసే ఏర్పాటు తీసేసి, వెలుతురు వేసింది.

తెర మీద మూడు వరుసలు వచ్చాయి.

‘నడిపేవారు. నేడు.’

‘పురుషుడు. నలభై ఎనిమిదేళ్లు.’

‘నడిపేవారు. నలభై ఎనిమిదేళ్లు.’

పినాకపాణి తిట్టడానికే నోరు తెరిచాడు. తెర చదివాడు. మళ్లీ చదివాడు. ఆమె ఉద్యోగం సంగతి తర్వాత తేలుతుంది, అది ఇద్దరికీ తెలుసు. కానీ ఆయన పుట్టుకతో ప్రశ్నలు అడిగే మనిషి.

"పైనా కిందా మీరే ఉన్నారేంటండీ," అన్నాడు చిన్నగా. "మధ్యలో ఉన్నాయన ఎవరు?"

వన్నూరమ్మ నలుగురి వైపూ చూసింది.

"మా నాయన," అంది. గొంతు బొంగురుపోలేదు.